ఈవెంట్స్ ప్రాక్టీస్ చేసే పిల్లోల్లు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు: ఎత్తు, చెస్ట్, పరుగు, గుండె

నేను అనంతపురంలో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అంటే పోలీస్ ఉద్యోగానికి పెట్టే కొలతలు, పరుగు పరీక్షలకి, రెండుసార్లు పోయినోన్ని, ఒకసారి చెస్ట్ కాడ పోయింది, రెండోసారి రాతపరీక్షలో పోయింది, ఇప్పుడు పొద్దున ఐదుకి స్టాప్‌వాచ్ పట్టుకోని పిల్లోల్లకి టైమింగ్ చూస్తుంటా. కర్నూలు నుంచి, కడప నుంచి కూడా ఫోన్లు చేసి అవే డౌట్లు అడుగుతుంటారు, అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టినా. నీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటే చూసుకోని పోయినా సరిపోతుంది. నేను డాక్టర్ని కాదు, డాక్టర్ల దగ్గర అడిగి తెలుసుకున్నదే చెప్తున్నా. ఈవెంట్స్ లెక్కలు ఆంధ్రప్రదేశ్ 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌వి, కొత్తది వచ్చినప్పుడు దాన్ని చదువుకోండి.

## మొదలుపెట్టకముందు

అన్నా నాకు 19 ఏళ్ళే, ఏ రోగమూ లేదు, నాకెందుకు హార్ట్ చెకప్?

అందరికీ అన్ని టెస్టులూ అక్కర్లేదప్పా. ముందు మూడు విషయాలు నిజంగా ఆలోచించుకో. ఇంట్లో రక్తసంబంధీకులు ఎవరైనా 50 లోపే ఉన్నట్టుండి చనిపోయినారా, పరిగెత్తేటప్పుడో ఆడేటప్పుడో నువ్వెప్పుడైనా స్పృహ తప్పి పడినావా, పరుగులో ఛాతీ పట్టేసినట్టు నొప్పి వచ్చిందా. మూడిటికీ లేదు అంటే ఒకసారి బీపీ చూపించుకోని, స్టెతస్కోప్ పెట్టించుకోని మొదలుపెట్టు. ఒక్కదానికి అవును అన్నా ఈసీజీ, ఎకో (గుండెకి తీసే స్కానింగ్) అయ్యేదాకా షూ కట్టొద్దు. ఇటలీలో 1982 నుంచి పోటీల్లో ఆడే ప్రతివాడికీ ఈసీజీ కంపల్సరీ, ఈడ మనల్ని అడిగేవాడు లేడు కాబట్టి మనమే అడుక్కోవాల.

మా నాయన 42కే గుండెపోటుతో పోయినాడు, నేను పరిగెత్తొచ్చా లేదా?

శానామంది పరిగెత్తొచ్చు, కానీ చెకప్ అయినాకనే. బీపీ, షుగర్, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ టెస్ట్), ఈసీజీ, ఎకో చేయించుకో. కొన్ని కుటుంబాల్లో చెడ్డ కొలెస్ట్రాల్ పుట్టుకతోనే ఎక్కువుంటుంది, మనిషి సన్నగానే ఉంటాడు, నూనె తినడు, అయినా రక్తనాళాలు పూడిపోతుంటాయి. దాన్ని పాతికేళ్ళకే కనిపెడితే రోజుకో మాత్రతో కంట్రోల్ చేయొచ్చు. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ స్టడీ 2004లో వచ్చింది, మొదటిసారి గుండెపోటు వచ్చే వయసు మన దక్షిణాసియా వాళ్ళలో 53 దగ్గర, మిగతా దేశాల వాళ్ళలో 59 దగ్గర ఉందని అందులో తేలింది. అంటే మనకి ముందే వస్తుంది. నాయన సంగతి డాక్టర్‌కి చెప్పడం మర్చిపోవద్దు, ఎన్నో ఏట పోయినాడో కూడా చెప్పు.

మాది మేనరికం, అందుకే గుండె జబ్బు వస్తుందంటున్నారు, నిజమా?

మేనరికంలో కొన్ని జబ్బులకి ఛాన్స్ పెరిగేది నిజమే. కానీ పరిగెత్తే కుర్రోళ్ళు ఉన్నట్టుండి పడిపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటైన హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, అంటే గుండె కండరం మందమైపోయే జబ్బు, దానికి మేనరికంతో పని లేదు. అమ్మానాయనల్లో ఒక్కరికి ఆ జీన్ ఉన్నా ఒక్కో బిడ్డకి రావడానికి సగానికి సగం ఛాన్స్. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. ఎకో తీస్తే మామూలుగా తెలిసిపోతుంది. ఇంట్లో ఒకరికి బయటపడితే అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు అందరూ చూపించుకోవాల్సిందే.

92 కేజీలు ఉన్నా, రేపటి నుంచే పరుగు పెట్టొచ్చా?

పెట్టొద్దు. మోకాళ్ళు పోతాయి ముందు. మొదటి మూడు వారాలు చురుగ్గా నడక, ఆ తర్వాత ఒక నిమిషం పరుగు రెండు నిమిషాల నడక, అట్లా పెంచుకుంటా పో. నోటిఫికేషన్ వచ్చినాక మొదలుపెట్టేవాళ్ళకే ఈ తొందరంతా, ఆరునెలల ముందు మొదలుపెట్టినోడికి ఈ బాధ లేదు.

## కొలతలు

ఎత్తు 167 ఉంది, 167.6 కావాలంట, ఆ అర సెంటీమీటర్ ఎట్లా పెంచాల?

పెరిగే వయసు దాటిపోయినాక ఎముక పెరగదు, ఏ పొడి తాగినా ఏ కడ్డీకి వేలాడినా సరే. మగపిల్లల్లో శానామందికి 18, 20 మధ్య ఎముకల చివర్లు మూసుకుపోతాయి. ఒక్క విషయం మాత్రం నిజం, పొద్దున లేచినప్పుడు ఉండే ఎత్తు సాయంత్రానికి ఒక సెంటీమీటర్ దాకా తగ్గుతుంది, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు రోజంతా బరువుకి నలిగిపోతాయి కాబట్టి. రాత్రి సరిగ్గా పడుకో, కొలత అయ్యేదాకా బరువు మోయొద్దు, గంటలు గంటలు నిలబడొద్దు. కొలిచేటప్పుడు మడమలు, పిర్రలు, వీపు గోడకి ఆనించి గడ్డం నేలకి సమంగా పెట్టు, గడ్డం పైకెత్తితే ఎత్తు పెరగదు, తగ్గుతుంది. ఎస్టీ అభ్యర్థులకి కొలతలు వేరే ఉంటాయి, ఆ కాలమ్ చూసుకోండి.

చెస్ట్ 82 ఉంది, 86.3 కావాలి కదా, నేను ఔట్ ఆ?

ఈ ఒక్క ప్రశ్నే నాకు వందసార్లు వచ్చింటుంది. 86.3 సెంటీమీటర్లు అనేది గాలి పూర్తిగా పీల్చినప్పుడు ఉండాల్సిన కొలత, ఊరికే నిలబడినప్పుడు కాదు. దానికితోడు గాలి వదిలినప్పటికీ పీల్చినప్పటికీ మధ్య కనీసం 5 సెంటీమీటర్ల తేడా రావాల. నీకు వదిలినప్పుడు 81 ఉండి పీల్చినప్పుడు 86.5 వస్తే పాస్. 85 ఉండి 88 వస్తే ఫెయిల్, ఎందుకంటే తేడా మూడే.

నేను పోయింది ఇక్కడే. కొలిచేటప్పుడు టెన్షన్‌లో గాలి పూర్తిగా వదల్లేదు, సగం గాలి లోపలే పెట్టుకోని పీల్చితే ఇంకెంత పెరుగుతుంది చెప్పు, 4.5 దగ్గర ఆగింది. వదలడం నేర్చుకోండప్పా, పీల్చేది అదే వస్తుంది. నోటితో ఊదుకుంటా పొట్ట లోపలికి పోయేదాకా వదిలి, తర్వాత ముక్కుతో పక్కటెముకలు పక్కలకి విచ్చుకునేటట్టు పీల్చాల. భుజాలు పైకెత్తితే చెస్ట్ పెరగదు, అక్కడ వాళ్ళు ఒప్పుకోరు కూడా. పొద్దునా సాయంత్రం పది పదిసార్లు, దాంతోపాటు పుషప్స్, వెన్ను వెనక్కి వంచే స్ట్రెచింగ్ చేస్తే నెలా నెలన్నరలో తేడా కనపడుతుంది. తల తిరిగితే ఆపి కూచో, మరీ ఫాస్ట్‌గా ఊపిరి తీసుకుంటే అట్లా అవుతుంది.

టేపు ఎక్కడ పెడతారు?

ముందు చనుమొనల లెవల్‌లో, వెనక భుజం రెక్కల కింది కొసల దగ్గర. టేపు వెనకపక్క జారితే కొలత తప్పుతుంది, ఇంట్లో ఒక్కడివే కొలుచుకోవద్దు, ఇంకొకర్ని పట్టుకోమను. గ్రౌండ్‌లో డౌట్ వస్తే అక్కడే ఉన్న ఆఫీసర్‌ని మర్యాదగా ఇంకోసారి కొలవమని అప్పుడే అడుగు, ఇంటికొచ్చి ఏడ్చి లాభం లేదు.

అన్నా నేను అమ్మాయిని, 152.5 ఎత్తు ఉంది కానీ 38 కేజీలే ఉన్నా, 40 కావాలి, లావు అయ్యే మాత్రలు వేసుకోవచ్చా?

వద్దమ్మా. మందులషాపులో చీటీ లేకుండా ఇచ్చే ఆ మాత్రల్లో శానావాటిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, సైప్రోహెప్టడిన్ అనే అలర్జీ మందు ఉంటాయి. స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బుతుంది, ఒంట్లో నీరు చేరుతుంది, బీపీ షుగర్ పెరుగుతాయి, అలర్జీ మందేమో మత్తుగా నిద్ర తెప్పిస్తుంది, నిద్రమత్తులో 1600 మీటర్లు ఎట్లా పరిగెత్తుతావు. రెండు కేజీలంటే రెండు నెలల తిండి. పొద్దున్నే రెండు గుడ్లు, మధ్యాన్నం సంగటి ముద్దలోకి పప్పు, సాయంత్రం పిడికెడు ఉడకబెట్టిన చెనిక్కాయలు బెల్లంతో, రాత్రి పడుకునేముందు పాలు, ఇంతే. బరువుతోపాటు హిమోగ్లోబిన్ కూడా చూపించుకో, ఆడవాళ్ళకి 12 లోపుంటే రక్తహీనత కింద లెక్క. ఒంట్లో రక్తం లేకుంటే ఎంత ప్రాక్టీస్ చేసినా రెండో రౌండ్‌కే గుండె దడదడ కొట్టుకుంటుంది, అది చూసి నాకు స్టామినా లేదని ఏడ్చుకుంటారు పాపం, కావాల్సింది ఐరన్.

బీఎంఐ ఎంత ఉండాల? గ్రౌండ్‌లో పొట్ట కొలవరు కదా, నడుము సంగతి ఎందుకు?

కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించు, అదే బీఎంఐ. 168 సెంటీమీటర్ల మనిషి 70 కేజీలుంటే 24.8 వస్తుంది. ఫోన్ యాప్‌లో అది నార్మల్ అని పచ్చగా చూపిస్తుంది, కానీ మన ఇండియన్స్‌కి డాక్టర్లు 23 దాటితేనే ఓవర్‌వెయిట్, 25 దాటితే ఒబేసిటీ అని పెట్టినారు, ఎందుకంటే మనకి అదే బరువుకి కొవ్వు ఎక్కువ, అది కూడా పొట్ట లోపల పేగుల చుట్టూ చేరుతుంది. బాగా కండ ఉన్నోడికి బీఎంఐ తప్పు చెప్పొచ్చు, అందుకే నడుం కొలత. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, మామూలుగా గాలి వదిలినాక టేపు పెట్టు. మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఇంకా సులువైనది, నీ ఎత్తులో సగం కంటే నడుం తక్కువుండాల. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చినోళ్ళు మన గ్రౌండ్‌లో శానామంది ఉన్నారు, వాళ్ళకే ఇది చెప్తున్నా.

## ప్రాక్టీస్ రోజుల్లో

1600 ఎనిమిది నిమిషాల్లో కొట్టాలంటే రౌండ్‌కి ఎంత పడాల?

400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండ్‌కి రెండు నిమిషాలు. అమ్మాయిలకి పదిన్నర నిమిషాలు, అంటే రౌండ్‌కి రెండు నిమిషాల 37 సెకన్లు. మొదటి రౌండ్ 1:20కి కొట్టి మూడో రౌండ్‌లో నడిచేవాళ్ళే ఎక్కువ. నాలుగూ ఒకే స్పీడ్‌లో పరిగెత్తినోడు నవ్వుకుంటా పాస్ అవుతాడు. ఏపీఎస్పీకి (బెటాలియన్ పోలీస్) పోయేవాళ్ళకి మూడు ఈవెంట్లూ మార్కులకి లెక్క కాబట్టి టైం ఇంకా తగ్గించుకోవాల, సివిల్‌కైతే (స్టేషన్ పోలీస్) 1600తో పాటు 100 మీటర్లలోనో లాంగ్ జంప్‌లోనో ఒకటి క్వాలిఫై అయితే చాలు.

రోజూ ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తుతున్నా టైం తగ్గట్లేదు ఎందుకు?

రోజూ ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తుతున్నావు కాబట్టే. వారంలో రెండు రోజులు స్పీడ్ చాలు, మిగతా రోజులు పక్కోడితో మాట్లాడుకుంటా పరిగెత్తగలిగేంత నిదానంగా పో, ఒకరోజు పూర్తిగా రెస్ట్. పల్స్ చూసుకోవాలంటే బొటనవేలి కింద మణికట్టు దగ్గర రెండు వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించు. 220లోంచి వయసు తీసేస్తే గుండె కొట్టుకునే గరిష్ఠ వేగం ఉజ్జాయింపుగా వస్తుంది, 21 ఏళ్ళకి 199. నిదానం పరుగులో అందులో 60, 70 శాతం మధ్య, అంటే 120 నుంచి 140 లోపు ఉండాల. గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోసేది ఈ నిదానం పరుగుల్లోనే నేర్చుకుంటుంది.

ఎండాకాలం ప్రాక్టీస్ ఆపేయాలా?

ఆపొద్దు, టైం మార్చు. మన దిక్కు ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలే, తొమ్మిది దాటినాక ట్రాక్ మీద నిలబడొద్దు. చెమట పట్టి పట్టి నీళ్ళు తగ్గితే అదే స్పీడ్‌కి గుండె ఇంకా గట్టిగా కొట్టుకోవాల్సొస్తుంది. మూత్రం ముదురు పసుపు వస్తుంటే నీళ్ళు తక్కువైనట్టే. మజ్జిగలో ఉప్పేసుకోని తాగండి, ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్ళలో మొత్తం కలపాల, గ్లాసులో కొంచెం కొంచెం కాదు. మాట తడబడటం, తిక్కతిక్కగా ప్రవర్తించడం, ఒళ్ళు కాలిపోవడం ఉంటే అది వడదెబ్బ, నీడకి తీసుకుపోయి ఒళ్ళంతా నీళ్ళు పోస్తా 108కి ఫోన్ చేయండి.

జిమ్ సార్ ఒక ఇంజెక్షన్ చెప్పినాడు, నెలలో బాడీ వస్తుందంట, వేసుకోనా?

వేసుకోవద్దు. అది స్టెరాయిడ్. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, చెడ్డది పెరుగుతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండె కండరం మందమై గట్టిపడుతుంది, పైగా నీ ఒంట్లో సొంతంగా తయారయ్యే టెస్టోస్టెరాన్ ఆగిపోతుంది. పోలీస్ ఉద్యోగానికి బైసెప్స్ కొలవరు కూడా, ఏంటికి మరి? ప్రొటీన్ కావాలంటే గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల చెనిక్కాయల్లో పాతిక గ్రాముల దాకా ఉంటుంది, అనంతపురంలో పుట్టి ప్రొటీన్ డబ్బాకి మూడు వేలు పెట్టడం నాకైతే నవ్వొస్తుంది.

సిగరెట్ తాగను, ఖైనీ ఒక్కటే, అది ఊపిరితిత్తులకి పోదు కదా?

ఊపిరితిత్తులకి పోకపోయినా నికోటిన్ రక్తంలోకి పోతుంది, పల్స్, బీపీ రెండూ పెంచుతుంది. పరుగుకి ముందు అయితే అసలొద్దు.

నాలుగు రోజులు జ్వరం వచ్చి తగ్గింది, నేరుగా గ్రౌండ్‌కి రావొచ్చా?

జ్వరంతో పరిగెత్తడం, తగ్గిన మర్నాడే స్పీడ్ కొట్టడం రెండూ తప్పే. కొన్ని వైరల్ జ్వరాలు గుండె కండరానికి వాపు తెస్తాయి, మయోకార్డైటిస్ అంటారు, ఆ టైంలో గట్టిగా పరిగెత్తితే గుండె లయ తప్పి ప్రాణం మీదికొస్తుంది. వారం నడక, ఆ తర్వాత నిదానం పరుగు. జ్వరం పోయినాక కూడా ఛాతీనొప్పి, దడ, మెట్లెక్కితే ఆయాసం ఉంటే ఈసీజీ తీయించు. మయోకార్డైటిస్ అని తేలితే మూడు నుంచి ఆరు నెలలు పరుగు బంద్, నోటిఫికేషన్ పోయినా సరే.

## గుండె భయాలు

పరిగెత్తి ఆగంగానే కళ్ళు తిరిగి పడినా, ప్రమాదమా?

ఎప్పుడు పడినావు అనేదే ఇక్కడ అసలు విషయం. గీత దాటి ఠక్కున నిలబడినాక పడితే శానాసార్లు కాళ్ళలో రక్తం ఆగిపోయి మెదడుకి అందకపోవడం వల్ల, పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తితే లేస్తాడు, అందుకే పరుగు అయినాక రెండు నిమిషాలు నడవమనేది. పరుగు మధ్యలో, కాళ్ళు ఆడుతుండగానే పడితే మాత్రం అది గుండె సమస్య కాదని డాక్టర్ చెప్పేదాకా గుండె సమస్యే అనుకోవాల. మా బ్యాచ్‌లో ఒకడు రెండుసార్లు అట్లా పడి, టిఫిన్ చేయలేదు అందుకే అని దాచినాడు, సెలెక్షన్ పోతాదని భయం. మూడోసారి పడినప్పుడు వాళ్ళమ్మకి నేనే ఫోన్ చేసినా. ఎకోలో జబ్బు బయటపడింది, నాతో ఏడాది మాట్లాడలేదు, ఇప్పుడు మాత్రలు వేసుకుంటా ఊర్లో అంగడి నడుపుకుంటున్నాడు. దాచొద్దండి, పక్కోడు దాస్తుంటే మీరూ దాచొద్దు.

ఛాతీలో ఎడమపక్క సూదితో పొడిచినట్టు అవుతుంది, గుండెపోటా?

ఒక చోట వేలు పెట్టి చూపించగలిగి, నొక్కితే నొప్పి పెరిగి, కదిలితే మారుతుంటే ఎక్కువసార్లు కండరంది, పుషప్స్ ఎక్కువ చేసినా వస్తుంది. పరిగెత్తితే వచ్చి ఆగితే తగ్గే నొప్పి, బండరాయి పెట్టినట్టు బరువు, దవడకో చేతికో పాకడం, చల్లటి చెమట, ఇవి వేరే, వెంటనే ఆసుపత్రి. కర్నూలు పెద్దాసుపత్రి, కడప రిమ్స్, అనంతపురం సర్వజన ఆసుపత్రి, ఏది దగ్గరైతే అది, ఈసీజీ తీయడానికి ఐదు నిమిషాలు పట్టదు.

పల్స్ 48 చూపిస్తుంది వాచ్‌లో, ఈసీజీ కాగితం మీద అబ్‌నార్మల్ అని వచ్చింది, భయమేస్తుంది

మామూలు మనిషికి 60 నుంచి 100. నెలల తరబడి పరిగెత్తే వాళ్ళకి కూచున్నప్పుడు 50 దగ్గర, కొందరికి ఇంకా తక్కువ ఉండటం మామూలే. ఈసీజీ మిషన్ తనంతట తాను ప్రింట్ చేసే మాట డాక్టర్ మాట కాదు, స్లో పల్స్ ఉన్నా అబ్‌నార్మల్ అనే కొడుతుంది. పరుగు అలవాటు ఉందని చెప్పి కార్డియాలజిస్ట్‌కి చూపించు. పల్స్ తక్కువతో పాటు కళ్ళు తిరగడం ఉంటే మాత్రం లేట్ చేయొద్దు.

22 ఏళ్ళకే బీపీ 146/90 చూపించింది!

ఒక్కసారి చూసి డిసైడ్ చేయరు. మెట్లెక్కి పోయినావా, టీ తాగినావా, టెన్షన్ పడినావా? ఐదు నిమిషాలు కూచోని, వీపు ఆనించి, వేరే వేరే రోజుల్లో రెండుమూడుసార్లు చూపించు. నార్మల్ అంటే 120/80 లోపు. మళ్ళీ మళ్ళీ 140/90 దాటితే కుర్రోడైనా ట్రీట్‌మెంట్ కావాల, ఈ వయసులో కిడ్నీ సంగతి కూడా చూస్తారు. రోజుకి ఉప్పు ఐదు గ్రాములు మించొద్దని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది, మనం ఊరగాయ, ఊరిబిండి, అప్పడాలు అన్నీ కలిపి తింటాం, లెక్క నువ్వే వేసుకో.

పునీత్ రాజ్‌కుమార్ జిమ్ చేసే పోయినాడు, కరోనా టీకా వల్లే అంటున్నారు, ఎక్సర్‌సైజ్ మానేస్తే మంచిదేమో?

2021 అక్టోబర్ 29న ఆయన 46 ఏళ్ళకి పోయినప్పుడు మన దిక్కు కూడా జిమ్ములు వారం ఖాళీగా ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో తారకరత్న 39కే పోయినప్పుడు మళ్ళీ అదే భయం. ఒక్కొక్కరి కారణం ఒక్కోటి, బయట నుంచి మనం చెప్పలేం. టీకా సంగతి ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళు 18 నుంచి 45 ఏళ్ళ మధ్య ఉన్నట్టుండి చనిపోయినవాళ్ళ మీద స్టడీ చేసి 2023లో చెప్పినారు, టీకా వల్ల రిస్క్ పెరగలేదు. రిస్క్‌తో ముడిపడి కనిపించినవి ఏంటంటే కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, ఇంట్లో అట్లాంటి చావులు జరిగి ఉండటం, చనిపోకముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, డ్రగ్స్, ఉన్నట్టుండి గట్టి వ్యాయామం. గమనించినావా, శనివారం రాత్రి తాగి ఆదివారం పొద్దున పందెం పరుగు పెట్టే మన అలవాటు అందులో ఉంది. రోజూ మితంగా చేసేవాడి గుండె ఏమీ చేయనోడి గుండె కంటే మంచిగానే ఉంటుంది.

## ఈవెంట్స్ రోజు

ఏం తినిపోవాల?

రెండు మూడు గంటల ముందు రెండు ఇడ్లీలో అరటిపండ్లో, కొంచెం కొంచెంగా నీళ్ళు. ఉగ్గాని బజ్జీ పరుగు అయినాక. కొత్త షూ ఆరోజు వేసుకోవద్దు.

ఎనర్జీ డ్రింక్, నొప్పి మాత్ర వేసుకోని పరిగెత్తితే టైం తగ్గుతుందంట?

ఎనర్జీ డ్రింక్‌లో ఉండే కెఫీన్ టెన్షన్‌తో ఇప్పటికే దడదడలాడే గుండెని ఇంకా రేపుతుంది. నొప్పి మాత్రలేమో ఒంట్లో నీళ్ళు తక్కువున్నప్పుడు కిడ్నీల మీద పడతాయి. రెండూ ఆరోజు వద్దు.

ట్రాక్ మీద పక్కోడు పడిపోయినాడు, ఏం చేయాల?

భుజం తట్టి పిలువు. పలకకపోతే, ఊపిరి లేకపోతే, లేదా చేపలా నోరు తెరుస్తా ఎగశ్వాస తీస్తుంటే, గుండె ఆగిందనే లెక్క. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నా ఫిట్స్ అనుకోని తాళాలగుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, నోట్లో నీళ్ళు పోయడం చేయొద్దు. ఒకర్ని 108కి ఫోన్ చేయమని, నువ్వు ఛాతీ మధ్యలో ఒక అరచేయి మీద ఇంకోటి పెట్టి, మోచేతులు వంచకుండా, ఐదు సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కు. అలిసిపోతే ఇంకొకరు మారాల, ఆపకూడదు. ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే) మిషన్ ఉంటే తెప్పించు, అదే మాట్లాడి చెప్తుంది. 2021 జూన్ 12న యూరో కప్ మ్యాచ్‌లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ మైదానం మధ్యలో పడిపోతే అక్కడికక్కడ సీపీఆర్ (ఇట్లా ఛాతీ నొక్కడం) చేసి షాక్ ఇచ్చినారు, బతికి మళ్ళీ ఫుట్‌బాల్ ఆడినాడు.

## ఈవెంట్స్ అయిపోయినాక

ఈవెంట్స్ పాస్ అయినా, ఇంక మెయిన్స్‌కి (చివరి రాతపరీక్ష) చదువుకోవాల, పరుగు మానేయొచ్చా?

పూర్తిగా మానేస్తే రెండు నుంచి నాలుగు వారాల్లోనే స్టామినా దిగడం మొదలవుతుంది, ఆరునెలల కష్టం పోతుంది, పైగా రోజంతా కోచింగ్ సెంటర్ కుర్చీలో కూచుంటారు కాబట్టి పొట్ట వస్తుంది. వారానికి మూడు రోజులు అరగంట నిదానం పరుగు పెట్టుకోండి చాలు. సెలెక్ట్ అయితే ట్రైనింగ్‌లో పొద్దున్నే పరిగెత్తించేది ఎట్లాగూ తప్పదు, కానోళ్ళు కూడా రండి, ఐదుకి గేటు తీసే ఉంటుంది.